ఊరక యుండవలెను

మొన్న మా సంఘంలో ఒక సోదరి సాక్ష్యం చెప్పడానికి నిలబడి, "శనివారం సాయంత్రమైతే చాలండీ, రేపు ఆదివారం అని టెన్షన్ మొదలవుతుంది" అంది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వేసి, చెప్పాల్సిన సాక్ష్యం చెప్పి కూర్చుంది. ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం ఆ మాట వేమన చెప్పిన చెప్పులోని రాయిలాగా గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె ఆదివారం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాలుగున్నరకు లేవాలి. కోడికూర, పలావు గుడికి బయలుదేరేలోపే అయిపోవాలి. పిల్లల్ని సండే స్కూలుకు తయారు చేయాలి, అత్తగారి తెల్లచీర ఇస్త్రీ చేయాలి, క్వయర్‌లో పాడే పాట ఒకసారి అనుకోవాలి. ఆరాధన ఒంటిగంట దాకా సాగుతుంది. ఆ తర్వాత చుట్టాలు. మూడింటికి స్త్రీల సమాజం, ఆరింటికి ఎవరో ఒకరి ఇంట్లో కూడిక. రాత్రి పదింటికి సింకు నిండా గిన్నెలు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి కుర్చీలో కూర్చున్నప్పుడు గాని ఆమెకు ఊపిరాడదు.

ఇదీ మనం విశ్రాంతి దినాన్ని పరిశుద్ధంగా ఆచరిస్తున్న తీరు! దొంగతనం చేస్తే సంఘం నుంచి వెలివేస్తాం, వ్యభిచారం చేస్తే ప్రభువు బల్ల, అంటే రొట్టె ద్రాక్షారసం, ఇవ్వడం ఆపేస్తాం. విశ్రాంతి దినం గురించిన నాలుగో ఆజ్ఞ మీరితే మాత్రం "పరిచర్యలో చాలా ఆసక్తి గల సోదరి" అని మెచ్చుకుంటాం. (మా గుంటూరు లూథరన్ బంధువుల లెక్కలో ఇది మూడో ఆజ్ఞ. ఎన్నోదైనా, మీరడంలో వాళ్లూ మేమూ ఒకటే.)

శనివారమా, ఆదివారమా అన్న వాదనలోకి నేను పోను. ఏ రోజు అన్నదాని మీద పోట్లాడుకునే వాళ్లను ఇద్దరినీ చూశాను, ఇద్దరి ఇళ్లలోనూ ఆ రోజు ఎవరో ఒకరు అంట్లు తోముతూనే ఉన్నారు. నా మనసును పట్టుకున్న వచనం వేరే ఉంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలోని ఆజ్ఞ మనందరికీ కంఠతా వచ్చు. మూడు అధ్యాయాలు దాటాక, 23వ అధ్యాయం 12వ వచనంలో అదే ఆజ్ఞ మళ్లీ వస్తుంది. అక్కడ ఎవరూ ఆగరు. ఆరు దినాలు పని చేసుకో, నీ ఎద్దు, నీ గాడిద, నీ దాసి కుమారుడు, పరదేశి విశ్రమించేటట్లు ఏడో దినాన "ఊరక యుండవలెను" అంటాడు దేవుడు.

పాత నిబంధన మూలభాష హెబ్రీ నాకు రాదు. ఆ భాష చదువుకున్న ఒక పెద్ద పాస్టరు గారు చాలా ఏళ్ల కిందట బైబిలు స్టడీలో విప్పి చెప్పిన మాట ఇది. మన తెలుగు బైబిల్లో ఎద్దుకూ దాసి కొడుక్కూ కలిపి "విశ్రమించునట్లు" అని ఒకటే మాట వేశారు గాని, మూలంలో రెండు మాటలున్నాయట. ఎద్దుకూ గాడిదకూ వాడింది మామూలు విశ్రాంతి మాట. దాసి కొడుక్కూ పరదేశికీ వాడింది ఇంకొకటి. అది నెఫెష్ అనే మాటలోంచి పుట్టింది. నెఫెష్ అంటే ప్రాణం, ఊపిరి, గొంతు కూడా. పాస్టరు గారు బోర్డు మీద ఆ మాట రాసి, దీన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని కాసేపు తడుముకున్నారు. వెనక వరసలో కూర్చున్న ముసలామె ఒకావిడ "ప్రాణం కుదుటపడ్డం అయ్యగారూ" అంది. ఆయన సుద్దముక్క అక్కడే పెట్టేసి ఆమెకు దండం పెట్టారు.

ఈ మాట బైబిల్లో ఎక్కువ చోట్ల లేదు. మొత్తం మూడే. ఒకటి ఇది. రెండోది దావీదు రాజు గురించి. కన్నకొడుకు అబ్షాలోము తరుముతుంటే, దారిలో షిమీ రాళ్లు విసురుతూ శపిస్తుంటే, బడలికతో ఒకచోట దిగి అలసట తీర్చుకున్నాడు చూడండి, అక్కడ. మూడోది రాస్తుంటే ఇప్పటికీ నా చేయి ఆగుతుంది. నిర్గమ 31:17. ఆరు దినాల్లో భూమ్యాకాశాలు చేసి ఏడో దినాన పని మాని ఎవరి ప్రాణం కుదుటపడిందీ? యెహోవాది.

దేవుడికి అలుపేమిటి అంటారా? సొమ్మసిల్లడు, అలయడు అని యెషయా చెప్పనే చెప్పాడు. మరి ఆ మాట తన మీద ఎందుకు వేసుకున్నాడు? నేను దీని గురించి ఇరవై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. నాకు తట్టింది ఒకటే. ఇంట్లో అందరికంటే కింద ఉన్నవాడు దాసి కొడుకు. వాడికి పేరు లేదు, తండ్రి ఎవరో వచనం చెప్పదు, వాడి తల్లి కూడా ఒకరి సొత్తే. వారమంతా పడ్డ కష్టానికి వాడు ఏడో రోజు "హమ్మయ్య" అంటాడు. ఆ హమ్మయ్యను వాడొక్కడికే వదిలేస్తే అది బానిస నిట్టూర్పు అనిపించుకునేది. సృష్టికర్త అదే మాట తానూ అన్నాడు. దాసి కొడుకు పక్కన, అదే అరుగు మీద కూర్చున్నాడు. ద్వితీయోపదేశకాండంలో "నీవలె" నీ దాసుడూ దాసీ విశ్రమించాలన్నాడు గదా. "నీవలె" అంటే యజమానిలాగా. యజమాని దేవునిలాగా. అంటే దాసి కొడుకు దేవునిలాగా! ఇంత మాట ఆ కాలంలో ఇంకే రాజు చట్టంలో ఉంది?

ఇశ్రాయేలీయుల్ని బానిసలుగా వాడుకున్న ఐగుప్తు రాజు ఫరోకు ఇది బాగా అర్థమైంది, మనకంటే బాగా. మోషే అహరోనులు వెళ్లి జనాన్ని పంపించమని అడిగితే, వీళ్ల బరువులు దించి తీరిక చేస్తున్నారా అని మండిపడ్డాడు. ఆ తీరిక అన్న చోట మూలంలో ఉన్నది సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, అన్న మాట ధాతువే. వెంటనే ఏం చేశాడు? ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. ఏడుస్తూ వచ్చిన వాళ్లతో "మీరు సోమరులు, మీరు సోమరులు" అని రెండుసార్లు అన్నాడు. సెలవు అడిగిన వాళ్లను సోమరులు అనడం ఎంత పాత అలవాటో చూడండి.

ఒంగోలు ప్రాంతం వాళ్లం మనం ఈ మాట మరిచిపోతే ఎలా? 1866లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి, మాదిగ బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్లతో కలిసి ఊళ్లు తిరిగినప్పుడు, ప్రభువును నమ్ముకున్న మాదిగ కుటుంబాలకు పెట్టిన కట్టుబాట్లు మూడే. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెండింటి గురించి మన సంఘ చరిత్రలు చాలా రాశాయి. ఊరి పెద్దలకు మంట పుట్టించిన వాటిలో మూడోదీ ఉంది. చెప్పులు కుట్టాలన్నా, బావికి తోలు బొక్కెన కావాలన్నా, కోత కోయాలన్నా ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావలసిన మనిషి, వారంలో ఒక రోజు రానంటున్నాడు. అడిగి తీసుకున్న సెలవు కాదది, దేవుడు రావద్దన్నాడు కాబట్టి రానంటున్నాడు. దానికి దెబ్బలు తిన్నారు, కూలి పోగొట్టుకున్నారు, అయినా నిలబడ్డారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం. నీళ్లలోంచి బయటికొచ్చిన ఆ మనుషులు ఊళ్లకు తిరిగి వెళ్లి ఆ ఆదివారం, ఆ పై ఆదివారం, పని మాని కూర్చోవాల్సి వచ్చింది గదా. నీళ్లలో మునగడం కంటే అదే కష్టం.

మా అమ్మ పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. బ్యారన్లు (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్లు) కాలే రోజుల్లో ఆదివారమూ రమ్మనేవాళ్లు, అర్ధ రూపాయి ఎక్కువిస్తామనేవాళ్లు. "ఆరు రోజులు ఆకు వాసన, ఒక్క రోజు సబ్బు వాసన" అనేది మా అమ్మ. తలంటుకుని, మడతపెట్టిన చీర కట్టుకుని, గుడికి వెళ్లొచ్చి, వేపచెట్టు కింద నులక మంచం మీద కాళ్లు చాపుకుని హమ్మయ్య అనేది. ఆ అర్ధ రూపాయి మాకు అవసరమే. నాకు స్కూలు పుస్తకాలు లేని సంవత్సరం కూడా ఆమె వెళ్లలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అలాంటి తల్లి కడుపున పుట్టి నేను చేసిన పని చెప్తాను. దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు.

టీచరు ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టుకున్నాక మా ఇంట్లో పనికి ఒకమ్మాయి కుదిరింది. "ఆదివారం చుట్టాలొస్తారు, గిన్నెలెక్కువుంటాయి, కాస్త పెందలాడే రా" అని నేనే చెప్పాను, నా నోటితోనే. ఏడాదిన్నర అలాగే నడిచింది. ఒక ఆదివారం బైబిలు, పాటల పుస్తకం చేతిలో పట్టుకుని పెరటి తలుపు వేయబోతే, కుళాయి దగ్గర ఆమె తోముతోంది. పక్కన గోనెసంచి మీద ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. నాలుగేళ్లవాడు. ఒంట్లో బాగోలేదట, ఇంట్లో చూసుకునే వాళ్లు లేక వెంట తెచ్చుకుంది. నీ దాసి కుమారుడు అన్న మాట ఎవరో వెనకనుంచి పిలిచి చెప్పినట్టయింది. ఆ రోజు గుడిలో పాస్టరు గారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ సాయంత్రం ఆమెతో ఆదివారాలు రావద్దని చెప్పాను. జీతం కోయనని కూడా చెప్పాను. పై ఆదివారం మామూలుగానే వచ్చింది! వేరే మనిషిని మాట్లాడుకుని తనను మాన్పించేస్తున్నానని భయపడిందట పాపం. సెలవు ఇస్తామంటే భయపడేలా చేశాం మనుషుల్ని. మూడు వారాలు పట్టింది నమ్మడానికి. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆదివారం గిన్నెలన్నీ సోమవారానికి పోగుపడి ఆమెకు రెట్టింపు పనయింది. ఇదేం విశ్రాంతి? అప్పటినుంచి మా ఇంట్లో ఆదివారం ఎవరి కంచం వాళ్లే కడుక్కుంటారు, మా వారితో సహా. మొదట్లో ఆయన కొంచెం గొణిగారు. కూర శనివారం రాత్రే చేసి పెడతాం, లేకపోతే పులిహోర కలుపుతాం, పెరుగుంటుంది. చుట్టాలు వచ్చినా అదే తింటారు. అరణ్యంలో దేవుడు ఆకాశం నుంచి ఇచ్చిన ఆహారం మన్నాను ఆరో రోజు రెండంతలు కురిపించింది ఎందుకనుకున్నారు? ఏడో రోజు ఎవరూ బుట్ట పట్టుకుని బయటికి పోకూడదని.

ఇక్కడ అన్నదమ్ములకు ఒక మాట. ఆజ్ఞలో ఉన్న పట్టీ ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, నీ యిండ్లలోని పరదేశి. భార్య మాట లేదు. ఆమె ఆ "నీవు"లోనే ఉందని పెద్దలు చెప్తారు, నేనూ అలాగే నమ్ముతాను. మన ఇళ్లలో మాత్రం ఆమె పేరు లేదు గనుక ఆమెకు సెలవు లేదన్నట్టు నడుస్తోంది. పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు విశ్రాంతి దినానే నిలబెట్టాడు. సమాజమందిరపు అధికారి వచ్చి, మిగతా ఆరు రోజులున్నాయిగా, అప్పుడు రండి అన్నాడు. ఎద్దును గాడిదను కట్టు విప్పి నీళ్లకు తోలుకుపోతారే, ఈమె కట్లు విప్పకూడదా అని ఆయన అడిగాడు. మీ ఇంట్లో నడుము వంచి స్టవ్ ముందు నిలబడ్డ మనిషి ఎవరో ఈ ఆదివారం చూసి రండి. స్టవ్ కట్టేయండి. అన్నం లేటైతే ఎవరూ చావరు.

పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు కూడా చేతులు జోడించి చెప్తున్నాను. ఆదివారం ఇన్ని మీటింగులు ఎందుకండీ? మధ్యాహ్నం ఒక పూట మనుషుల్ని వాళ్ల ఇళ్లలో ఉండనివ్వండి. పసిపిల్ల తండ్రి పక్కన పడుకుని కథ చెప్పించుకుంటే అది పరిచర్య కిందికి రాదా? "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అని మన గుడి గోడ మీదే రాయించాం. ఆ గోడ కిందే కుర్చీలు మోయించి, మైకు సర్దించి, భోజనాలు వడ్డించమని ప్రతి వారం అదే పదిమందిని పిలుస్తున్నాం.

మా ఇంట్లో పనికొచ్చే ఆ అమ్మాయి క్రైస్తవురాలు కాదు. నేను ఆమెకు వచనాలు చెప్పలేదు. సెలవు మొదలైన కొత్తలో, ఒక సోమవారం పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ, నిన్న ఏం చేశావే అని అడిగాను.

"ఏం చేశానూ... పిల్లాడికి తలంటి పోశాను. వాడు నా ఒళ్లో పడుకున్నాడు. ఊరికే కూర్చున్నాను టీచరమ్మా."

ఆ మాట చెప్పడానికి ఆమె కొంచెం సిగ్గుపడింది.