ఎస్ ఎటువైపుది?

"హందెల్సావ్‌తాలె" అని నేను పైకి చదవగానే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అలా కాదమ్మా, ఎస్ ఇటువైపుది."

2024 మార్చి. నార్వేతో కలిపి నాలుగు యూరప్ దేశాలకీ మన దేశానికీ మధ్య వాణిజ్య ఒప్పందం మీద ఢిల్లీలో సంతకాలయ్యాయి. బెర్గెన్‌లో మా ఇంట్లో టీవీ వార్తల్లో "ఇండియా" అని వినపడగానే రెండో తరగతి పిల్ల పరిగెత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది. నార్వేజియన్‌లో హందెల్ అంటే వ్యాపారం, ఆవ్‌తాలె అంటే ఒప్పందం. రెండిటినీ కలిపి కుట్టే దారం ఆ ఎస్. అది ముందు మాటకే చెందుతుంది. తను చప్పట్లు కొట్టి చూపించింది: హం, దెల్స్, ఆవ్, తా, లె. నేను కొట్టినా ఐదే, కానీ నా చప్పట్లలో హం, దెల్, సావ్ అయిపోయింది.

ఇక్కడ ఆరేళ్ళకే బడిలో వేస్తారు. మొదటి ఏడాది నుంచే మాటల్ని చప్పట్లతో ముక్కలు చేయడం నేర్పుతారు. ఆ ముక్కని స్తావెల్సె అంటారు. రాసేటప్పుడు పంక్తి చివర మామూలు మాటని విరవాల్సొస్తే ఒక హల్లు కింది పంక్తిలోకి దిగుతుంది. జంట మాటని మాత్రం అతుకు దగ్గరే విరవాలి. ఈ ఊళ్ళోనే 1936లో పెట్టిన వాణిజ్య కళాశాల పేరు హందెల్స్‌హోయ్‌స్కూలె. అందులోనూ ఎస్ హందెల్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. పోనీ విడివిడిగా రాద్దామా అంటే అదీ తప్పే. లమ్మెలోర్ అంటే గొర్రెపిల్ల తొడ మాంసం. దాన్నే లమ్మె, లోర్ అని విడదీసి రాస్తే చచ్చుబడిన తొడలు అని అర్థం వస్తుంది.

నా నోరు ఎస్‌ని పక్కకి ఎందుకు నెట్టిందో ఆ రాత్రి అర్థమైంది. మన నోటికి హల్లు దొరికితే పక్క అచ్చుతో కలిపేయడమే అలవాటు. వాడు, ఎవడు కలిస్తే వాడెవడు. అతుకు ఎక్కడుందో చెవికి తెలియదు. దాన్ని వెతికి పట్టుకోవడానికే మాకు బడిలో సంధులు విడదీయమనే ప్రశ్న ఇచ్చేవారు. నేను అతుకు చెరిపేసే భాషలో పెరిగాను, మా అమ్మాయి అతుకు నిలబెట్టే భాషలో పెరుగుతోంది. ఇంట్లో మాత్రం దాని చేత నా భాషే మాట్లాడించాలని నా ఆరాటం.

ఆ ఆరాటంలో నేనొక పొరపాటు చేస్తూ వచ్చాను. అది "ఇల్లుపేరు" అన్నప్పుడల్లా "ఇంటిపేరు అనాలి" అని దిద్దేదాన్నే గానీ, ఎందుకో చెప్పలేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని నార్వేజియన్‌లోకి మారిపోయేది. ఈ ఎస్ సంగతి తెలిశాక అడిగాను: "వర్తకుణ్ణి హందెల్‌మన్ అంటారా?" "ఛ, హందెల్స్‌మన్!" అంది. "మరి ఇల్లు కూడా ఇంకో మాటతో కలిసేటప్పుడు అలాగే మారుతుంది. ఇంటి పేరు, ఇంటి తాళం." కాసేపు ఆలోచించింది. "ఊరు?" ఊరి. "కన్ను?" కంటి. "ఏరు?" ఏటి. "పన్ను?" పంటి. ఆ వారమంతా కనపడిన ప్రతి వస్తువు పేరునీ ఇలా మార్చమని అడిగింది. కొన్నిటికి నేనే తడుముకున్నాను. తెలుగులో తనంతట తాను ప్రశ్న అడగడం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వేసవి రాగానే బ్రిగ్గెన్‌కి తీసుకెళ్ళాను. రేవు ఒడ్డున వరసగా చెక్క ఇళ్ళు, సన్నటి సందులు. 1979లోనే యునెస్కో జాబితాలోకి ఎక్కిన చోటు. 1360 ప్రాంతం నుంచి హన్సా అనే జర్మన్ వర్తక సంఘం వాళ్ళు ఇక్కడ కొట్లు పెట్టి, ఉత్తరాది నుంచి వచ్చే ఎండుచేపలు కొని, బదులుగా ధాన్యం అమ్మేవారు. ఆ వ్యాపారం పేరు తొర్‌ఫిస్క్‌హందెల్. అమ్మాయి ఒక గోడకి ఆనుకుని మాటని విడదీసింది. తొర్ అంటే ఎండు, ఫిస్క్ అంటే చేప. "అమ్మా, ఇది మన ఎండుచేపే!" అంది. మాటకి మాట అదే. కాకినాడలో మా అమ్మ ఉప్పు పట్టించి ఎండలో ఆరేస్తుంది. ఇక్కడి లోఫోటెన్ దీవుల్లో ఉప్పు వేయకుండానే కాడ్ చేపల్ని కర్రలకి వేలాడదీస్తారు, చలిగాలికే ఎండిపోతాయి.

అక్కడి నుంచే అమ్మమ్మకి వీడియో కాల్ చేసింది. ఫోన్ నా చేతికిచ్చి రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.

"అమ్మమ్మా, తొర్‌ఫిస్క్ రెండే చప్పట్లు. ఎండుచేప ఎన్నో చెప్పు?"

అవతల మా అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇద్దరూ కలిసి కొట్టారు. ఎం, డు, చే, ప.