టీఎల్‌డీ మాత్ర, పక్కన గ్యాస్ మందు

హెచ్‌ఐవీకి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ ఒకే మాత్రలో. రోజుకొకటి, ఉచితం. తినకముందైనా తిన్నాకైనా వేసుకోవచ్చు. చిక్కల్లా దాని పక్కన వేసుకునే మందులతోనే.

మన గోదారి జిల్లాల్లో కడుపు మండితే చాలు, కిళ్ళీ కొట్లో గ్యాస్ మందు కొనుక్కుని తాగేస్తాం. జెలుసిల్ లాంటి వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అవి కడుపులో డోలుటెగ్రావిర్‌ని పట్టేసి ఒంటికి ఎక్కనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటలకు గ్యాస్ మందు తాగండి. ముందే తాగేశారా, మాత్రకు ఆరు గంటలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే లెక్క. కాకపోతే అవి భోజనంతో అయితే టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. కడుపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ మాత్రలతో ఈ గొడవే లేదు.

ఊడ్పుల రోజుల్లో నడుం పట్టేస్తే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది మామూలే. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని దెబ్బతీస్తుంది, పైన పదేపదే ఈ సూది పడితే ముప్పు ఇంకా ఎక్కువ. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ‘‘నాకు కిడ్నీకి పడదండీ, పారాసెట్మాల్ ఇవ్వండి’’ అంటే సరిపోద్ది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వకండి. టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రావిర్ 50 విడిగా ఇంకోటి వేసుకోవాలి. అది సెంటర్‌లోనే ఇస్తారు.

కాకినాడ రేవు నుంచి బోటెక్కి రోజుల తరబడి వేటకెళ్ళేవాళ్ళు, తోటివాళ్ళ కంట పడకూడదని మాత్రలు కాగితంలో పొట్లం కట్టుకెళ్తుంటారు. ఉప్పుగాలికి అవి చెమ్మెక్కి పాడవుతాయి. సీసాతోనే తీసుకెళ్ళండి, లోపలి చెమ్మ పీల్చే చిన్న సంచిని పారేయకండి. పేరు కనపడకూడదంటే లేబుల్ మీద ప్లాస్టర్ అంటించండి. ఇంజను పక్కన పెట్టొద్దు, 30 డిగ్రీలు దాటితే మందుకు మంచిది కాదు. తుపాను పట్టి తిరిగి రావడం ఆలస్యం కావచ్చు కాబట్టి నాలుగైదు మాత్రలు ఎక్కువే ఉంచుకోండి. ఒకపూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు నాలుగు గంటలలోపే టైముంటే మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోకూడదు. వేరే ఊరు పనికెళ్తే అక్కడి ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడో 1097కు ఫోన్ చేస్తే చెబుతారు.

రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష, మందు మొదలెట్టిన ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి. వైరస్ కనపడనంతగా తగ్గి అలాగే నిలిస్తే కలయిక ద్వారా భాగస్వామికి అంటదు. సిఫిలిస్, గనేరియా లాంటివి మాత్రం అంటుతాయి, వాటికి కండోమే దిక్కు. లోడ్ 1000 దాటిందంటే మాత్ర పనిచేయట్లేదని బెంగపెట్టుకోకండి. మానేసిన రోజులు, గ్యాస్ మందు, ఐరన్, నాటు మందు, అన్నీ దాచకుండా కౌన్సెలర్‌కు చెప్పండి. మూడు నెలలు సక్రమంగా వేయించి మళ్ళీ రక్తం తీస్తారు. మందు మార్చాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూశాకే.