ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో

ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే ఇంతేనా అంటారు. ఈ సాయంత్రం మా చిన్నమ్మాయి వాళ్ళ స్కూల్ కౌన్సెలర్ గదిలోంచి నవ్వుతూ బయటికొచ్చింది. ఏడుస్తూ వచ్చినా, మూతి ముడుచుకుని వచ్చినా ఏం చెయ్యాలో నాకు తెలుసు. నవ్వుతూ వస్తుందని మాత్రం అనుకోలేదు.

“ఏమందే మిస్?” అంటే “ఏం లేదమ్మా, ఊరికే మాట్లాడుకున్నాం” అంది. ముప్పావుగంట ఊరికే మాట్లాడుకున్నారట! అది నాతో వరసగా ముప్పావుగంట మాట్లాడి ఎన్నాళ్ళయిందో మీకు తెలియనిదేముంది.

సరేనని ఆ కౌన్సెలర్‌నే అడిగాను. మలయాళీ పిల్ల, మా పెద్దదానికన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. “తనకి గానీ ఇంకొకరికి గానీ అపాయం ఉందనిపిస్తే వెంటనే మీకు ఫోన్ చేస్తాను మేడమ్. మిగతాది చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది” అంది. మర్యాదగానే అంది. నాకే చిర్రెత్తుకొచ్చింది. కన్నది నేను, ఫీజు కట్టేది మేము, సంగతులు మాత్రం ఆవిడకి!

అంతకుముందు పిల్లల ఫోన్ల గురించి తల్లిదండ్రులకి ఆవిడదే సెషనొకటి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెట్టారు. శుక్రవారం నాలుగింటికి రమ్మనేవాళ్ళు బెంగళూరులో మారతహళ్ళి వైపు ట్రాఫిక్‌లో ఎప్పుడూ వచ్చి ఉండరు. వచ్చినవాళ్ళలో ముప్పాతిక వంతు అమ్మలే. తెర మీద పెద్ద అక్షరాలతో వేశారు, రాత్రి తొమ్మిది దాటాక పిల్లల చేతిలో ఫోన్ ఉండకూడదని. బాగానే ఉంది. మరి అదే స్కూల్ యాప్‌లో రేపటి సంగతులు ఎప్పుడొస్తాయి? తొమ్మిదిన్నరకి. “రేపు పసుపు రంగు చార్టు తప్పనిసరి” అని. ఆ వేళప్పుడు మా హూడిలో పసుపు చార్టు ఎవరమ్ముతారండీ? ఆ మెసేజ్ చూడటానికి నా ఫోన్ తీస్తాను, చిన్నది దాని ఫోన్‌లో క్లాస్ గ్రూప్ తెరిచి ఎవరి దగ్గరైనా రెండో చార్టు ఉందా అని అడుగుతుంది, ఇక అక్కడి నుంచి పదకొండు. పోయిన నెల ప్లాస్టిక్ మీద ఒక నిమిషం వీడియో తీసి పంపమన్నారు. ఎడిటింగ్‌కి వేరే మార్కులు. పాట ఏది పెట్టాలో చూడటానికని అది ఎన్ని రీల్స్ చూసిందో ఆ దేవుడికే తెలియాలి. ఇదంతా ఎందుకు, ఫోన్ తగ్గించుకోవడం గురించిన ఈ సెషన్‌కి వస్తున్నామని చెప్పడానికి కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యాల్సి వచ్చింది!

నా వెనక వరసలో ఒకాయన లేచి “మా వాడికి అడిక్షన్, నాకు తెలుసు” అన్నాడు, కొడుకు పక్కనే ఉండగా. ఆ కౌన్సెలర్ పిల్ల తొణకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చిన మాట నిజమేనట. కానీ దానికీ మామూలుగా ఏడాదిగా ఆ లక్షణాలు ఉండాలట, చదువూ ఇల్లూ స్నేహాలూ బాగా దెబ్బతినాలట. సోషల్ మీడియా పేరుతో ఆ జాబితాలో అసలు జబ్బే లేదట. గంటలు లెక్కపెట్టి పేరు పెట్టెయ్యకండి అంది. ఆయన కూర్చున్నాడు. కొడుకు మాత్రం ఇంకా నేల చూపులే.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఎంత కిందికి జరిపినా అయిపోని పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన తయారుచేశాడట, తర్వాత ఆయనే ఎందుకు చేశానా అని బాధపడ్డాడట. బాధపడితే అయిపోయిందా? ఆస్ట్రేలియాలో నయం, 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకుండా చూసే బాధ్యత కంపెనీలదే, చూడకపోతే జరిమానా కూడా కంపెనీలకే. మనకి మాత్రం శుక్రవారం నాలుగింటికి అమ్మల్ని పిలుస్తారు.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారట. కింద బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళ షట్ క్లినిక్ పేరుంది, 2014 నుంచి ఇలాంటి వాటి కోసమే నడుపుతున్నారు. ఇంటికొచ్చి కాగితం ఫ్రిజ్ మీద పెట్టానో లేదో, ఈయన “నిమ్హాన్సా?” అని కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. నెల్లూరు మనిషి అత్తయ్యకి ఒక్క ముక్కే అర్థమైంది. “పిల్లని కీల్పాక్‌కి పంపిస్తారా ఏందే?” అని. కీల్పాక్ అంటే మద్రాసు పిచ్చాసుపత్రి. కాదత్తయ్యా, అవసరమైతే ఉందని చెప్పారంతే అని వంట పూర్తయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. ఆవిడ అంతసేపూ ఫోన్‌లో ప్రవచనం ఫుల్ సౌండ్‌లో పెట్టుకుని నా మాట వింటున్నారు.

ఇక స్నాప్‌చాట్ నిప్పు బొమ్మ గోల. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు సిగ్నల్ లేక చిన్నది దీని కోసం డాబా మీద కూర్చుని ఏడ్చింది. స్నాప్‌చాట్‌లో ఇద్దరూ రోజూ ఒకరికొకరు ఏదో ఫొటో పంపుకుంటూ ఉంటే పేరు పక్కన నిప్పు బొమ్మ, దాని పక్కన రోజుల లెక్క. 24 గంటల్లో ఇద్దరిలో ఎవరు పంపకపోయినా లెక్క పోతుంది. గడువు దగ్గర పడితే ఇసుక గడియారం బొమ్మ చూపించి టెన్షన్ పెడుతుంది. ఫొటో అంటే ఏదో అనుకునేరు, సీలింగ్ ఫ్యాను, సగం నుదురు. ఇంత పిచ్చి పని ఇంకోటి లేదని నేను తిట్టని రోజు లేదు.

ఆ కౌన్సెలర్ పిల్ల మాత్రం దాన్ని పిచ్చి అనలేదు. ఆ అంకె పోతుందని కాదు మేడమ్ ఈ వయసు పిల్లల భయం, అవతలి పిల్ల నాకు కోపమొచ్చిందనుకుంటుందేమో అని, అంది. ఫోన్ లాక్కోవాలనుకుంటే ముందు ఆ స్నేహితురాలికి చెప్పుకోవడానికి ఒక పూట టైమివ్వండి, రాత్రికి రాత్రి లాక్కుంటే మీ మీద కోపంతో పాటు అక్కడ స్నేహం కూడా పోతుంది అంది. ఇక్కడ నాకు ఆవిడ మీద కోపం సగం తగ్గింది. తొమ్మిదిన్నరకి చార్టు అడిగేది ఆవిడ కాదుగా పాపం. స్కూల్ మొత్తానికి ఎంతమంది పిల్లల్ని చూస్తోందో.

చిన్నది ఆ గదిలో ఉండగా కారిడార్లో కూర్చున్నంతసేపూ నాకు మా కావలి ఇల్లే గుర్తొచ్చింది. హాల్లో నల్ల ఫోను, డయల్ తిప్పేది. నాన్న దాని కన్నంలో చిన్న ఇత్తడి తాళం బిగించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకెళ్ళేవారు. బయటి నుంచి వస్తే మాట్లాడొచ్చు, మనం చెయ్యడానికి లేదు. అన్నయ్యకి ఎవరు నేర్పారో గానీ, రిసీవర్ పెట్టే చోట ఉండే మీటని టకటకా నొక్కి ఫోన్ చేసేవాడు. అయిదు కావాలంటే అయిదుసార్లు, సున్నా కావాలంటే పదిసార్లు. మధ్యలో తడబడ్డాడా, రాంగ్ నంబరే. ఒకసారి సరాసరి నాన్న స్నేహితుడి బియ్యం కొట్టుకి వెళ్ళింది. ఆయన “ఎవరది, పెద్దబ్బాయా?” అనేసరికి వీడు గొంతు మార్చి “ఎక్స్ఛేంజ్ నుంచండీ, లైన్ టెస్టింగ్” అన్నాడు. రెండు నెలలకోసారి బిల్లొచ్చేది. తాళం వేసిన ఫోన్‌లో ఇన్ని కాల్సేమిటని నాన్న లైన్‌మన్‌ని పిలిపించి, కాఫీ ఇప్పించి మరీ పోట్లాడేవారు. పాపం ఆయన వైరంతా తడిమి చూసి, ఉడత కొరికిందేమో సార్ అనేవాడు.

అన్నయ్య మాట్లాడేది ట్యూషన్లో ఒకమ్మాయితో. అమ్మకి తెలుసు. వీధి చివర నాన్న స్కూటర్ చప్పుడు వినపడగానే వంటింట్లో గరిటె మూకుడుకేసి గట్టిగా కొట్టేది, వీడు రిసీవర్ పెట్టేసి లెక్కల పుస్తకం తెరిచేవాడు. ఎవర్రా ఆ పిల్ల అని అమ్మ ఒక్కనాడు కూడా అడగలేదు.

అమ్మలా నేనూ ఉండాలి అని ఇక్కడ రాయబోయాను. రాయను. ఎందుకంటే అమ్మకి అన్నీ వినపడేవి కదా! ఫోను హాల్లో, అమ్మ వంటింట్లో, మధ్యలో ఉన్నది ఒక కర్టెన్. వాడు ఆ అమ్మాయితో ఏం మాట్లాడాడో, ఎప్పుడు అలిగాడో, పదో తరగతి అయ్యాక ఆ పిల్ల వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోతే ఎన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదో, అడగకుండానే తెలుసు ఆవిడకి. నాకేం వినపడుతుంది? చిన్నది రెండు చెవుల్లో రెండు బడ్స్ పెట్టుకుని నా పక్కనే సోఫాలో నవ్వుతుంది, ఎవరితో నవ్విందో తెలీదు. ఈయన దాని ఫోన్‌లో గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ పెట్టారు, ఏ యాప్‌లో ఎంతసేపుందో గీతలు గీసి చూపిస్తుంది. ఎవరికి ఏం రాసిందో, ఎందుకు మొహం మాడ్చుకుందో అందులో రాదు.

కాబట్టి నేను అడుగుతాను. అడగడం తప్పేం కాదు. ఆ కౌన్సెలర్ చెప్పకపోవడం కూడా తప్పు కాదనే అనిపిస్తోంది ఇప్పుడు. ఆవిడ నాకు చెప్పేస్తుందని తెలిస్తే చిన్నది ఆ గదిలో నోరు విప్పేదా?

చెప్పడం మర్చిపోయాను, ఒప్పందం కాగితమొకటి ఇచ్చారు, ఇంట్లో అందరూ సంతకం పెట్టాలి. రాత్రి పదికి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి. చిన్నది దాని కింద పెన్నుతో “నాన్న ఆఫీస్ ఫోన్, నానమ్మ ఫోన్ కూడా” అని చేర్చింది. అత్తయ్య తెల్లవారుజామున సుప్రభాతం ఎలా వినాలని అలిగారు. ఈయనకి ఆన్ కాల్, ఆఫీసు నుంచి ఏ వేళప్పుడు ఫోనొచ్చినా తియ్యాలి. అయినా రాత్రి పదికి చిన్నది ఎవరూ చెప్పకుండానే దాని ఫోన్ తెచ్చి టీవీ కింద పెట్టింది. నాకు సంతోషమే.

వచ్చే శుక్రవారం కౌన్సెలర్ చిన్నదాన్ని మళ్ళీ రమ్మంది. నేనే తీసుకెళ్ళాలి, ఈయనకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. అప్పటిదాకా ఆగుదామా, రేపే అడుగుదామా అని ఆలోచిస్తున్నాను గానీ, ఈయన ఆగరు. పొద్దున టిఫిన్ దగ్గరే అడిగేస్తారు. అది “నాన్నా, ప్లీజ్” అంటుంది. ఆయన నేనేదో నేర్పి పెట్టినట్టు నా వైపు చూస్తారు.