మొదటి డ్రిప్ రాత్రి

మెడ పక్కన గడ్డ లేచినప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ "పన్ను పుచ్చిందండి, అందుకే బిళ్ళ కట్టింది" అని రెండు నెలలు మందులు మింగించాడు. నిమ్మకాయంత అయ్యాక కాకినాడ వెళ్ళాం. ముక్క తీసి చూస్తే లింఫోమా, అంటే తెల్లకణాల కేన్సరు. అందులో బీ కణాలనే ఒక జాతి తెల్లకణాలకి వచ్చే రకం. స్కాన్లూ, ఎముక మూలుగ పరీక్షా అన్నీ చెప్పి విసిగించను. కొబ్బరితోట మూడేళ్ళకి కౌలుకి రాసేసి, ఆ డబ్బుతో 2022 మే నెలలో వైద్యం మొదలుపెట్టాం. 21 రోజులకోసారి, మొత్తం ఆరుసార్లు. కీమోతో పాటు రిటక్సిమాబ్ అనే యాంటీబాడీ, అంటే కణం మీది గుర్తుని వెతికి పట్టుకునే ప్రోటీను మందు.

పెద్ద డాక్టరుగారు మంచాయన. "వ్యవసాయమేనా అమ్మా? వరిచేలో ఊద ఎలా పట్టుకుంటారు?" అని అడిగారు. ఊద గడ్డి వెన్ను వేసేదాకా అచ్చం వరిలాగే ఉంటుంది. కలుపు తీసే ఆడవాళ్ళం ఆకు కాడని అంటుకున్న చోట చూస్తాం. వరికి అక్కడ నాలుకలాంటి పల్చటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. "ఈ మందూ అంతే. బీ కణం మీద సీడీ20 అనే గుర్తుంటుంది, దాన్ని పట్టుకుంటుంది" అన్నారాయన. నాకు చక్కగా అర్థమైంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ గుర్తు మంచి బీ కణం మీదా ఉంటుందట. అంటే ఊదతో పాటు కొంత వరీ పోతుంది. బీ కణాలు పుట్టుకొచ్చే మూలుగలోని మూలకణాల మీద మాత్రం ఆ గుర్తు లేదు కాబట్టి మంచివి కొన్ని నెలలకి మళ్ళీ మొలుస్తాయి.

నా గొడవంతా డ్యూటీ డాక్టరుతో. "ఇది టార్గెటెడ్ మందండి, గురి చూసి కొడుతుంది. సైడ్ ఎఫెక్ట్సేం ఉండవు" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. మా ఆయన "ఆయ్, అలాగేనండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఐస్ డబ్బాలో మందు వచ్చేసరికి సాయంత్రమైంది. ముందు ఒక పారాసెటమాల్ మింగించి, అలర్జీ సూది వేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డ్రిప్ పెట్టిన గంటకి అరికాళ్ళ దగ్గర మొదలైంది చలి. మేలో, ఫ్యాను కింద కూడా చెమటలు పట్టే రోజుల్లో! దుప్పటి కప్పారు, ఇంకోటి కప్పారు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మా ఆయన తువ్వాలు మడిచి నోట్లో పెట్టారు. మంచం ఇనప కడ్డీ గోడకి తగిలి శబ్దం. బల్ల మీద స్టీలు గ్లాసు జరుగుతూ జరుగుతూ అంచుదాకా రావడం చూస్తున్నాను. అది పడితే నేనూ పోతానని ఎందుకో గట్టిగా అనిపించింది.

డ్యూటీ డాక్టరు వచ్చి గుమ్మంలోంచే "లంకల వాళ్ళు కదా, మలేరియా ఏమో, రక్తం పంపండి" అన్నాడు. తుని అమ్మాయి ఒక సిస్టర్ ఉంది, పాతికేళ్ళుంటాయేమో. అప్పటికే డ్రిప్ ఆపేసింది. "సార్, ఇది మొదటి రిటక్సిమాబ్. కొంతమందికి ఇలా అవుతుంది" అంది. రెండు సూదులు వేయించి, నా పాదాలు తన అరచేతుల్లో పెట్టుకు కూర్చుంది. గంట తర్వాత అదే మందు సగం స్పీడులో మళ్ళీ పెట్టింది. తెల్లారేసరికి సీసా అయిపోయింది. గ్లాసు ఎవరు తీశారో తెలీదు.

అలా ఎందుకవుతుందో ఆ పిల్లే చెప్పింది. మొదటిసారి ఒంట్లో చచ్చే కణాలు ఎక్కువ. అన్నీ ఒక్కసారి చస్తుంటే ఒంట్లోని రక్షణ కణాలు రేగి రసాయనాలు రక్తంలోకి వదులుతాయి, ఆ అలజడికే చలీ జ్వరమూ. రెండోసారి నుంచి బాగా తగ్గుతుంది. నిజంగానే తగ్గింది. ఈ నాలుగు ముక్కలు ముందు రోజు చెబితే ఆ డ్యూటీ డాక్టరు సొమ్మేం పోయేది? ఇప్పటికీ మండుతుంది.

నాలుగోసారి మందు ఎక్కించాల్సిన రోజు సరిగ్గా జూలై వరదల్లో పడింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం. తెల్లకణాలు తక్కువున్నాయి, బురదనీళ్ళు తగలకూడదన్నారు. మా పేట కుర్రాళ్ళు నలుగురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలమీద మోసి నాటుపడవ ఎక్కించారు. కాలు తడవనివ్వలేదు. ఆ మర్నాడు ఫోన్ చేసి "ఈ వరదలో అంత అవసరమా వదినా" అన్న మా మరిదిని ఇంకా క్షమించలేదు.

అక్టోబరులో, కేన్సరు ఇంకా మిగిలిందేమో చూసే పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను, తీర్చుకున్నాను. మందు పని చేసిందా, స్వామి చేశాడా అని మా అబ్బాయి నవ్వుతాడు. వాడికేం, ఆ గ్లాసు వాడు చూడలేదు. ఎవరింట్లోనైనా ఈ మందు మొదలెడుతుంటే రెండు అడగండి: హెపటైటిస్ బీ పరీక్ష చేశారా, మొదటి డ్రిప్ రాత్రి పక్కన ఎవరుంటారు. పాత హెపటైటిస్ నిద్రపోతుంటే ఈ మందు దాన్ని లేపగలదట.

మొన్న చెకప్‌లో ధైర్యం చేసి "మళ్ళీ వస్తే?" అన్నాను. మన కణాలనే మార్చి కేన్సరు మీదికి పంపే కార్‌-టీ అనే వైద్యం ఉందన్నారు పెద్ద డాక్టరుగారు. ముంబై ఐఐటీలో పుట్టిన నెక్స్‌కార్19 అనే కార్‌-టీకి 2023లో అనుమతి వచ్చిందట. మన రక్తంలోంచి టీ కణాలనే ఇంకో జాతి తెల్లకణాలు తీసి, ఒక వైరస్‌ని బండిలా వాడి వాటిలోకి కొత్త జన్యువు పంపిస్తారు. దాంతో ఆ కణాల మీద యాంటీబాడీ కొనలాంటి కొక్కెం మొలుస్తుంది. ఆ కొక్కెం పట్టుకునేది సీడీ19 అనే ఇంకో గుర్తుని.

"వైరస్సా!" అని మా ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

"మీరు వేయించుకున్న కోవిషీల్డూ వైరస్ బండే కదండీ. అది వేరే వైరస్, ఇది వేరే. రోగం తెచ్చే భాగాలు తీసేస్తారు" అన్నారాయన.

నేను అడగాల్సింది ఒకటే. "చలి వస్తుందా డాక్టరుగారూ?"

ఆయన నవ్వలేదు. "రావచ్చమ్మా. జ్వరం గట్టిగా వస్తుంది. బీపీ పడిపోవచ్చు, కొందరికి మాట తడబడుతుంది. అందుకే ఆస్పత్రిలోనే ఉంచి కనిపెట్టుకుని ఉంటారు" అన్నారు. ఇదంతా మా ఆయన చేత మందుల చీటీ వెనకాల రాయించాను.

మళ్ళీ చెకప్ జనవరిలో. పండగ వెళ్ళాక రమ్మన్నారు.