పిస్టల్ ఒంటిమీద ఉంటే ఛాంబర్ ఖాళీగానే ఉంచండి

బెజవాడలో లైసెన్సు పిస్టల్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది దగ్గర .32 బోరు (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.32 అంగుళం) పిస్టలే ఉంటుంది. దాన్ని ఒంటిమీద పెట్టుకునే పద్ధతులు ప్రధానంగా మూడు: మ్యాగజైన్ (తూటాల పెట్టె) నిండా ఉండి ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచడం, ఛాంబర్‌లో తూటాతో హ్యామర్ (వెనకనుంచి కొట్టే సుత్తి) దించి ఉంచడం, హ్యామర్ ఎక్కుపెట్టి సేఫ్టీ వేయడం.

నా మాట మొదటిదే. బెంజి సర్కిల్ రద్దీలో బండి దిగుతూ, చొక్కా సర్దుకుంటూ తిరిగేవాళ్లకు మూడోది వద్దు. ఇరుకు ఒరలో సేఫ్టీ మీట రాసుకుని కిందికి జారవచ్చు. రెండోది ఇంకా చెడ్డది. తూటా మీదకు హ్యామర్‌ను బొటనవేలితో దించుతుంటే, మన ఎండల్లో చెమట చేయి జారిందంటే పేలుతుంది. తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌ను ఆపే బ్లాక్ లేని పాత మోడళ్లు కిందపడినా పేలే ప్రమాదం ఉంది.

ఖాళీ చేసేటప్పుడు వరస తప్పకూడదు. వేలు ట్రిగ్గర్ బయట, గొట్టం సురక్షితమైన దిక్కుకు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) లాగాలి. తిరగేసి చేస్తే స్లైడ్ ఇంకో తూటాను లోపలికి తోస్తుంది. మ్యాగజైన్ తీశాక కూడా అది ఛాంబర్‌లోనే ఉంటుంది. చాలా ప్రమాదాలకు మూలం ఇదే, దయచేసి గుర్తుంచుకోండి. ఆపైన స్లైడ్ వెనక్కి నిలిపి ఛాంబర్‌ను కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి.

ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కిస్తే బుల్లెట్ (తూటా ముందుండే గుండు) కేసులోకి (మందు ఉండే తొడుగులోకి) కుంగి, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టేయండి.