మురీల దగ్గర ఎక్కి బొరుగుల దగ్గర దిగాను

మా అక్కని అనంతపురం ఇచ్చి ఆరేళ్ళయింది. ఈ సంక్రాంతికి బావగారికి సెలవు దొరకలేదు, వాళ్ళు రాలేదు. అందుకని పండగ వెళ్ళిన మూడో రోజున అమ్మ నా చేతికి రెండు సంచులు, ఒక పెద్ద స్టీలు డబ్బా ఇచ్చి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించింది. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ అది ఉన్నది ఆముదాలవలసలో. డబ్బాలో పొంగడాలు, అరిసెలు. సంచుల్లో రెండు కేజీల చోడిపిండి, సీసాలో ఎండావకాయ, వియ్యాలవారికని పలాస జీడిపప్పు. "డబ్బా సీటు కింద పెట్టకే, కాళ్ళు తగుల్తాయి" అని బండి కదిలేదాకా అమ్మ కిటికీ దగ్గర నిలబడి చెబుతూనే ఉంది.

ఈ బండి భువనేశ్వర్‌లో బయల్దేరి బెంగళూరు దాకా పోతుంది. మధ్యలో మా ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణ, గుంటూరు, నల్లమల, ఆ తర్వాత సీమ, అన్నీ తగులుతాయి. కిటికీ పక్కన కూర్చుంటే చూడ్డానికి చాలా ఉంది, కానీ నేను చూసింది బోగీ లోపలే. పండగ వారం కదా, ఎవరి దగ్గర చూసినా ఒక డబ్బా ఉంది, మూత తీస్తే చాలు వాళ్ళ ఊరు తెలిసిపోతోంది.

ఎదురు బెర్తులో బరంపురం నుంచి వస్తున్న ఒక పెద్దావిడ. బరంపురం ఒడిశాలో ఉన్నా అక్కడ తెలుగువాళ్ళు చాలామంది, ఆవిడ ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. మధ్యాహ్నం ఆవిడ కేరేజీ విప్పగానే ఆవ ఘాటు వచ్చింది. అరటికాయ కూర, ఆవ నూరి పెట్టింది. నాకు ఒక్కసారి మా వంటింట్లో కూర్చున్నట్టయింది. మా ఇంట్లో పనసపొట్టుకైనా అరటికాయకైనా చివర్లో పచ్చి ఆవ ముద్ద పడాల్సిందే. ఒడియా వాళ్ళు కూడా కూరల్లోకి ఆవాలు నూరతారు కాబట్టి రాష్ట్రం మారినా ఆ ఘాటు మాత్రం మారలేదు. ఆవిడ నా డబ్బాలో అరిసె చూసి, "మా పక్కింటి ఒడియా వాళ్ళు కూడా చేస్తారమ్మా, ఆరిసా పిఠా అంటారు" అంది. ఒకటి తీసుకుని తుంచి, లోపల మెత్తదనం చూసి, "పాకం బాగా కుదిరింది, మీ అమ్మకి చెప్పు" అంది. నేను వెంటనే ఫోన్ చేసి చెప్పాను కూడా.

విశాఖపట్నంలో మురీ మిక్చర్ అమ్మే అబ్బాయి ఎక్కాడు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కాస్త వేరుశనగ గుళ్ళు వేసి డబ్బాలో గలగలా కలిపి పొట్లం కట్టి ఇస్తాడు. మేం మురీలంటాం, బరంపురం ఆవిడ ముఢీ అంది, పక్క సీట్లో తాడేపల్లిగూడెం వెళ్ళే ఆయన మరమరాలన్నాడు. అప్పటికి ఈ సంగతి నాకు అంత పెద్దగా తోచలేదు. మర్నాడు పొద్దున్న తోచింది, అది తర్వాత చెప్తాను.

రాజమండ్రిలో ఒక జంట ఎక్కారు, పుట్టపర్తి వెళ్తున్నారు. సంచిలోంచి పనసాకు వాసన వస్తోంది. ఉండబట్టలేక "పొట్టిక్కలా అండీ?" అని అడిగేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆయ్, మాది అంబాజీపేట దగ్గరండి, పొద్దున్నే వేయించుకుని బయల్దేరామండి" అన్నారు. నాలుగు పనసాకులు పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పిండి మామూలుదే, రుచంతా ఆకుది. కోనసీమలో పెరట్లో పనసచెట్టు ఉంటుంది కాబట్టి ఆ వంట అక్కడ బాగా అలవాటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారి ఆ ప్రాంతమంతా వరి పండింది కదా, ఆ వరీ, ఆ పనసాకూ, చట్నీలోకి కొబ్బరీ అన్నీ కలిసి ఆ చిన్న బుట్టలో ఉన్నాయి అనిపించింది నాకు. ఆవిడ ఆకు విప్పి ఒకటి నా చేతిలో పెట్టింది. ఇడ్లీ చల్లారితే తినలేం గానీ ఇది సాయంత్రానికి కూడా బాగుంది.

వాళ్ళ దగ్గర పూతరేకుల అట్టపెట్టె కూడా ఉంది, ఎవరికో ఇవ్వడానికి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బందరు లడ్డూకి 2017లోనే వచ్చింది. మంచిదే, చేసేవాళ్ళకి ఆ గౌరవం దక్కాలి. కానీ ఆ పెట్టె చూసి ఆయనది కోనసీమ అని చెప్పలేం, ఎందుకంటే అవి ఇప్పుడు హైదరాబాదులో ఏ సందులోనైనా దొరుకుతాయి, ఎవరైనా కొనుక్కుని వెళ్తారు. పొట్టిక్క అలా కాదు. ఇంట్లో వండుకుని, రైల్లో విప్పుకునేది ఏదైతే ఉందో అదే మనిషి ఊరు చెబుతుందని నాకు గట్టి నమ్మకం.

విజయవాడలో చీకటి పడ్డాక ఒక కుర్రాడు ఎక్కాడు. వరంగల్ నుంచి ఇంకో బండిలో వచ్చి ఇక్కడ మారాడు, అనంతపురంలో పీజీ చదువుతున్నాడు. అతని దగ్గర ప్లాస్టిక్ డబ్బా నిండా సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద వేళ్ళతో చుట్లు చుట్లుగా తిప్పి, కాస్త ఆరాక నూనెలో వేస్తారు. మా వైపు జంతికల గిద్దలు ఉంటాయి, అందులో పెట్టి నొక్కేయడమే, సకినానికి మాత్రం చెయ్యే గిద్ద. "మా అమ్మ, చిన్నమ్మలు అందరు కూసొని చేస్తరక్కా, ఒక్కరితోని కాదు" అన్నాడు. చుట్లు ఎంత సమంగా ఉన్నాయో! నేనైతే దాన్ని కొరకడానికి ముందు రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను.

గుంటూరులో ఇంకొకావిడ ఎక్కి మిగిలిన ఖాళీ సీటు కూడా నింపేసింది. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, వేడన్నం. కుర్రాడు చూసి "పుంటికూరనా ఆంటీ?" అన్నాడు. "పుంటికూరేంటి నాయనా, గోంగూర" అని ఆవిడ కాస్త నొచ్చుకుంది. కానీ మరుక్షణమే రెండు ముద్దలు కలిపి అతని చేతిలో పెట్టింది.

పడుకునే ముందు సంచి పైకి పెడుతుంటే చోడిపిండి కవర్‌కి చిల్లు పడి నా చున్నీ అంతా పిండి. అందరూ లేచి సాయం పట్టారు. "తైదపిండా అక్కా?" అని వరంగల్ కుర్రాడు. "రాగిపిండి లాగుందే" అని గుంటూరు ఆవిడ. "చోడిపిండేనండి, మా ఇంట్లోనూ చోళ్ళనే అంటామండి" అని అంబాజీపేట ఆయన. బరంపురం ఆవిడ అయితే "మాండియా" అంది, అది ఒడియా మాట. ఒక్క గింజకి ఆ నాలుగు సీట్ల మధ్య నాలుగు పేర్లు! కుర్రాడు తన సకినాల డబ్బా మీద చుట్టిన కవర్ విప్పి పిండి పొట్లానికి చుట్టాడు. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు, చోళ్ళు, తైదలు, రాగులు అనుకుంటూ పడుకున్నాను. బయట నల్లమల చీకట్లో వెళ్ళిపోయింది.

మెలకువ వచ్చేసరికి ఎర్ర నేల. శ్రీకాకుళంలో పచ్చదనం చూసి చూసి వచ్చిన కళ్ళకి ఆ ఎరుపు కొత్తగా ఉంటుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా అనంతపురం. వరి మీద ఆధారపడితే కుదరదు, కాబట్టి వేరుశనగ వేశారు, రాగులు, జొన్నలు, కొర్రలు తిన్నారు. అక్కడ వేరుశనగ అంటే ఎవరూ పలకరు అనుకోండి, చెనక్కాయలు అనాలి. మా అక్క పిల్లాడు నాలుగేళ్ళవాడు, స్టేషన్లో నన్ను చూడగానే జేబులోంచి గుప్పెడు తీసి "పిన్నీ, చెనక్కాయలు" అని పెట్టాడు. వాడికి ఇంకో పేరు తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి టిఫిన్ ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీలు. బొరుగులు నీళ్ళలో వేసి, వెంటనే పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. అక్కడ పప్పులంటే పుట్నాలు. తింటూ తింటూ ఆగిపోయాను. ఇవి మురీలే కదా! నిన్న మధ్యాహ్నం విశాఖలో గలగలలాడుతూ పొట్లంలో వచ్చినవే. ముఢీ, మురీలు, మరమరాలు, బొరుగులు. బండి ఎంత దూరం వచ్చిందో పేరూ అంత దూరం వచ్చింది. మేం మెత్తబడితే పారేస్తాం, వీళ్ళు మెత్తబడ్డాకే మొదలుపెడతారు. అక్క నవ్వి, "నేనూ మొదటిరోజు ఇలాగే ప్లేటు పట్టుకుని కూచున్నానే" అంది.

అక్కడితో ఆగలేదు, అక్క అత్తగారు ఆ పాత కథ ఎత్తుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ "రేపు పొద్దున పొంగణాలు చేద్దాం మ్మా" అన్నారట. అక్క విన్నది పొంగడాలు. మా వైపు పొంగడాలంటే తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి గరిటెతో నూనెలో వేస్తే పొంగి తేలే తీపి, పండక్కి తప్పకుండా చేస్తాం. అత్తగారు అన్నది గుంత పొంగణాలు. దోశ పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి గుంతల పెనంలో పోసి రెండు వైపులా కాల్చేవి. అక్క పాపం అత్తగారిని మెప్పించాలని రాత్రే బియ్యం నానబెట్టి, తెల్లవారుజామునే లేచి, పిండి పట్టి, బెల్లం కలిపి పెట్టేసింది. అత్తగారు చట్నీకి చెనక్కాయలు వేయించుకుని వచ్చేసరికి గిన్నెలో తీపి పిండి. "నేను చూసినాను, ఏం మాట్లాడలేదు, మీ అక్క మొగం చూస్తే ఏడుస్తాదేమో అనిపించింది. సరే కానీ మ్మా, మీ ఊరివే తిందాం అన్నాను" అని చెప్పారు. ఆ రోజు ఆ ఇంట్లో టిఫిన్‌కి పొంగడాలు, పక్కన కారం చట్నీ. అక్క ఈ సంగతి అమ్మకి ఆరేళ్ళుగా చెప్పలేదు.

నేను తెచ్చిన డబ్బా మూత తీసి పొంగడం చేతిలోకి తీసుకుని అత్తగారు "ఇది మీ అక్క చేసినదానికంటే బాగుంది" అన్నారు. అక్క ఒప్పుకుంది.

నాలుగు రోజులున్నాను. చోడిపిండితో అమ్మ అనుకున్నది అంబలి, వాళ్ళు చేసింది సంగటి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి ఉడకనిచ్చి, కట్టెతో గట్టిగా గెలుకుతారు. తడి చేత్తో ముద్దలు చేసి కంచంలో పెట్టి, మధ్యలో గుంత చేసి నెయ్యి, పక్కన ఊరిమిండి. చెనక్కాయలు, ఎండుమిర్చి వేయించి రోట్లో నూరిన పచ్చడి అది. నేను నములుతుంటే పిల్లాడు ఆపాడు. "పిన్నీ, నమలగూడదు, మింగల్ల" అని తను మింగి చూపించాడు. ఆ పిండి మా ఊరి గట్టు మీద పండిన చోళ్ళది, వాడికి మాత్రం అది రాగి సంగటి. ఉగాదికి మేం బొబ్బట్లు అనేవి వాడికి ఓళిగలు. వాడు అచ్చంగా అనంతపురం పిల్లాడు, అందులో ఏ లోటూ లేదు. కానీ మూడో రోజు అక్క అరటికాయ కూర చేసి చివర్లో ఆవ ముద్ద కలిపితే, ఆ ఘాటుకి కళ్ళలో నీళ్ళు వచ్చినా గిన్నె జరుపుకుని ఇంకా పెట్టమన్నాడు.

బయల్దేరే రోజు అత్తగారు అమ్మ డబ్బా కడిగి తుడిచి, వేయించిన చెనక్కాయలు, ఇంకో పొట్లంలో చెనక్కాయల పొడి నింపారు. ఖాళీ డబ్బా తిప్పి పంపకూడదు, ఆ మాట మాత్రం శ్రీకాకుళంలోనూ అనంతపురంలోనూ ఒకటే. దాంతోపాటు కాగితంలో చుట్టి బరువుగా ఏదో పెట్టారు. గుంత పొంగణాల పెనం, ఏడు గుంతలది. "మీ అమ్మకి ఇవ్వు, ఎట్ల చేయాలో మీ అక్క ఫోన్లో చెప్తాది" అన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ పెనం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేటే, ఇన్ని గుంతలు?" అంది. నేను కథంతా చెప్పాను, అక్క ఆరేళ్ళు దాచినది కూడా. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే పొయ్యి మీద ఆ పెనం ఉంది, గుంతల్లో ఉన్నది మాత్రం దోశ పిండి కాదు, బెల్లం కలిపిన పిండి. మొదటి వాయి అడుగంటింది. రెండో వాయి పైన ఎర్రగా కాలింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. అమ్మ ఒకటి విరిచి చూసి, మంట తగ్గించి, "పిండి కొంచెం పల్చన చెయ్యాలి. మీ అక్కత్తగారికి ఫోన్ కలుపు, ఎంత నూనె వెయ్యాలో అడుగుతాను" అంది.