కొట్టివేసిన తేదీల పేజీ

మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో తొమ్మిది తేదీలు కొట్టివేసి ఉన్నాయి, అన్నీ ఒక అంతరిక్ష నౌక ఎగరాల్సి ఉండి ఎగరని రోజులు. 2010 నవంబరు 1, 2, 3, 4, 5, 30. డిసెంబరు 3, 17. 2011 ఫిబ్రవరి 3. పదో తేదీ ఫిబ్రవరి 24. దాని పక్కన ఈ తెల్లవారుజామున మూడున్నరకు పెన్సిలుతో "వెళ్లింది" అని రాసి, మళ్లీ పడుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

వెళ్లింది అమెరికా స్పేస్ షటిల్ డిస్కవరీ. అంతరిక్ష కేంద్రానికి లియొనార్డో అనే గదినీ, రోబోనాట్ 2 అనే మరమనిషినీ తీసుకుని, 39వ సారి, ఆఖరిసారి. 1990లో హబుల్ టెలిస్కోపును కక్ష్యలో వదిలి వచ్చింది ఈ నౌకే. ఇలాంటి నౌకలే అయిన ఛాలెంజర్, కొలంబియా ప్రమాదాల తర్వాత మళ్లీ ఎగరాల్సి వచ్చినప్పుడు, 1988లోనూ 2005లోనూ, ముందుగా పంపింది కూడా దీన్నే.

నా ఉద్యోగం గ్యాసు పైపుల జాయింట్లు పరీక్షించడం. జాయింటు చుట్టూ సబ్బు నీళ్లు పూసి, టార్చిలైటు వేసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని చూస్తూ ఇరవై రెండేళ్లు గడిచాయి. అందుకే నవంబరు మొదటి నాలుగు రోజుల వాయిదాలు నన్ను పెద్దగా పట్టుకోలేదు. హీలియం, నైట్రోజన్ లీకులు సరిచేశారు. ఒక ఇంజను కంట్రోలరులో విద్యుత్ సమస్య వస్తే ఒక రోజు ఆగారు. ఆ తర్వాత వాన. 5వ తేదీన వచ్చింది మాత్రం నా పనికి సంబంధించిన సంగతి.

నౌకకు ఆనించి ఉండే పెద్ద నారింజ రంగు ఇంధన ట్యాంకులో ద్రవ హైడ్రోజన్ ఉంటుంది. మైనస్ 253 డిగ్రీల చలిలో ఉన్నా అది నిరంతరం మరుగుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని ట్యాంకు పక్కన బిగించిన ఒక పలక గుండా గొట్టంలోకి పంపి, దూరంగా తీసుకువెళ్లి మండించేస్తారు. ఆ పలక దగ్గరి జాయింటు గురించి ఎంత ఆలోచించినా నాకు తనివి తీరదు. ఇంధనం నింపుతున్న గంటలన్నీ అది చుక్క ఆవిరి కూడా వదలనంత బిగుతుగా ఉండాలి. నౌక లేచిన క్షణాన ఏ ప్రతిఘటనా లేకుండా విడిపోవాలి. నా చేతుల మీదుగా వెళ్లిన జాయింట్లలో ఒక్కదాన్ని కూడా ఈ రెండు పనులూ చేయమని ఎవరూ అడగలేదు. పైగా మామూలు వేడిలో పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. చలి తగిలి లోహం ముడుచుకున్నాకే లోపం బయటపడుతుంది. అంటే ట్యాంకు నింపితే తప్ప తెలియదు. 2009 మార్చిలో ఇదే డిస్కవరీ ఇదే చోట లీకయి ఆగింది. ఆ జూన్‌లో మరో నౌక ఎండీవర్ రెండుసార్లు ఆగింది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చాలు, నిప్పు అంటుకోగలదు. ప్రయోగం ఆపేశారు.

అప్పుడే, ట్యాంకు ఖాళీ చేస్తుండగా, చలి నిలిపేందుకు దాని పైన వేసిన నురుగు పొరలో ఒక పగులు కనిపించింది. 2003లో కొలంబియా రెక్కను దెబ్బతీసింది ఊడిపడిన నురుగు ముక్కే. కాబట్టి దాన్ని చూసీ చూడనట్టు వదిలే మాటే లేదు. నురుగు చెక్కి చూస్తే లోపలి లోహపు పట్టీలోనే పగుళ్లున్నాయి, రెండు, ఒక్కొక్కటి దాదాపు 23 సెంటీమీటర్లు. ఆ పెద్ద ట్యాంకు లోపల హైడ్రోజన్‌కూ ఆక్సిజన్‌కూ వేర్వేరుగా ఉండే రెండు ట్యాంకుల మధ్య భాగం చుట్టూ నిలువుగా అలాంటి పట్టీలు 108 ఉంటాయి. ఆ వార్త చదివిన రాత్రి నాలో ఒకటే ప్రశ్న తిరిగింది: ఆ లీకు రాకపోయి ఉంటే? ఈ పగులు ఎవరి కంటా పడకుండానే అది పైకి లేచేదా?

అమ్మాయి మాత్రం ఏడ్చినంత పని చేసింది. సూర్యకాంతి అంతరిక్ష కేంద్రం మీద పడే కోణం అనుకూలించక, తర్వాతి అవకాశం నవంబరు 30 దాకా లేదు. అది కూడా నిలవలేదు. "నాన్నా, వాళ్లకు బాగుచేయడం రాదా?" అని అడిగింది. దాన్ని ఊరుకోబెట్టడానికి 1995 నాటి వడ్రంగి పిట్టల కథ చెప్పాను. ఇదే డిస్కవరీ ప్రయోగ వేదిక మీద ఉన్నప్పుడు, పిట్టలు నురుగు పొరను చెట్టు బెరడనుకున్నాయో ఏమో, సుమారు 200 రంధ్రాలు పొడిచాయి. నౌకను వెనక్కి తీసుకెళ్లి పూడ్చి, మళ్లీ తెచ్చారు. 1984లో మొదటి ప్రయాణానికి సిద్ధమైనప్పుడైతే ఇంజన్లు వెలిగాక, లేవడానికి నాలుగు సెకన్ల ముందు, కంప్యూటర్లే వాటిని ఆర్పేశాయి. పిట్టల కథ మూడుసార్లు చెప్పించుకుంది.

ఇంకో కథ దానికి చెప్పలేదు. 1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ ఎగరడానికి ముందు రోజు, బూస్టరు, అంటే నౌకను పైకి నెట్టే పక్క రాకెట్టు, తయారు చేసిన సంస్థ ఇంజనీర్లు ఫోనులో వాదించారు. దాదాపు 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఎగరవద్దన్నారు. చలికి రబ్బరు రింగు బిగుసుకుపోయి, జాయింటును సమయానికి మూయలేదన్నారు. వాళ్ల పైవాళ్లు ఆ మాట తోసిపుచ్చారు. మర్నాడు 73 సెకన్లకు నౌక విరిగిపోయింది. ఏడుగురు పోయారు.

ఆ ఫోను సంభాషణ గురించి చదివినప్పుడల్లా నాకు ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఒక జాయింటు దగ్గర బుడగ చూసి పని ఆపించాను. ఎంతో చిన్న బుడగ, నిమిషానికి ఒకటి. పైనుంచి వచ్చిన ఆయన, పేరు అనవసరం, వాచీ చూసుకుంటూ "ఈ ఒక్కసారికి పోనివ్వండి" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. నేను సంతకం పెట్టలేదు. తర్వాత ఏడాదంతా నా మీద ఆ కోపం ఉండిపోయింది. తేదీకి ఎంత బరువుంటుందో నాకు తెలుసు. తేదీ ప్రకటించాక అందరూ దాని వైపే నడుస్తుంటారు. ఎదురుగా నిలబడి ఆగమన్నవాడు ఒంటరివాడైపోతాడు. అందుకే ఈ నాలుగు నెలలూ "మళ్లీ వాయిదా" అన్న శీర్షిక కనిపించినప్పుడల్లా, నిరాశపడాల్సింది పోయి, నాకు ధైర్యం కలిగేది. అక్కడ ఆగమన్న మాట వింటున్నారు.

వాళ్లు చేసిన పనీ అలాంటిదే. డిసెంబరు 17న ఎగరడానికి కాకుండా, పట్టీలకు కొలత పరికరాలు అంటించి, కేవలం పరీక్ష కోసం ట్యాంకు నింపారు. తర్వాత నౌకను షెడ్డుకు తీసుకెళ్లి ఎక్స్-రే తీస్తే, వెనక వైపు మరికొన్ని పట్టీల్లో చిన్న పగుళ్లు బయటపడ్డాయి. ఆ పట్టీల అల్యూమినియం లిథియం మిశ్రమలోహపు ఒక విడతే బలహీనంగా వచ్చిందని, బిగింపులో పడిన ఒత్తిడి దానికి తోడైందని తేల్చారు. పగిలిన వాటికి అతుకు వేసి ఊరుకోకుండా, పగలని పట్టీల చివరలకు కూడా ఆసరా ముక్కలు బిగించారు. పగలని దానికి కూడా ఆసరా ఇచ్చారన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

ఈ ఆలస్యం ఒకరికి అన్యాయం చేసింది. ఈ ప్రయాణంలో నౌక బయట అంతరిక్షంలో నడవాల్సిన వ్యోమగామి టిమ్ కోప్రా జనవరిలో సైకిలు మీంచి పడి గాయపడ్డారు. ఆయన స్థానంలోకి స్టీవ్ బోవెన్ వచ్చారు. నవంబరులోనే ఎగిరి ఉంటే ఆ నడక కోప్రాదే అయ్యేది. దీనికి నా దగ్గర ఓదార్పు ఏమీ లేదు.

నిన్న రాత్రి పదింటికే అలారం పెట్టి పడుకున్నాం. ప్రత్యక్ష ప్రసారం మొదలయ్యేసరికి అమ్మాయి దుప్పటి కప్పుకుని నా పక్కన కూర్చుంది. ట్యాంకు నిండింది. ఆ పలక దగ్గర లీకు లేదు. నేను గట్టిగా ఊపిరి పీల్చింది అక్కడే. మిగతా ప్రపంచానికి అసలు ఉత్కంఠ తర్వాత మొదలైంది. దారి తప్పిన రాకెట్టును పేల్చివేసే బాధ్యత గల భద్రతా విభాగం కంప్యూటరులో సమస్య వచ్చింది. ఐదు నిమిషాల దగ్గర గడియారం ఆగింది. ప్రయోగ వేదిక భూమితో పాటు తిరుగుతూ అంతరిక్ష కేంద్రం కక్ష్యాతలాన్ని దాటిపోతుంది కాబట్టి, వేచి చూసే వ్యవధి కొద్ది నిమిషాలే. అమ్మాయి పెన్సిలు తీసి, 24 మీద గీత కొట్టడానికి సిద్ధంగా పట్టుకుంది. గడువుకు రెండు మూడు సెకన్లు మిగిలి ఉండగా, ఎగరవచ్చని అనుమతి వచ్చింది. ఫ్లోరిడాలో సాయంత్రం 4:53. ముందు ఇంజన్లు, ఆరు సెకన్ల తర్వాత బూస్టర్లు. ఆ పలక పక్కకు విడిపోవడం తెర మీద వెతికాను. పొగలో కనిపించలేదు. విడిపోయిందని మాత్రం నాకు తెలుసు. నౌక లేచింది కదా.

ఎనిమిదిన్నర నిమిషాల్లో కక్ష్య చేరింది. అమ్మాయి చప్పట్లు కొట్టి, "వెళ్లింది" అని రాసి, పేజీ తిప్పింది. తర్వాత వంతు ఎండీవర్‌ది, ఏప్రిల్‌లో. దాని ట్యాంకు పట్టీలకూ ఆసరా ముక్కలు వేస్తున్నారు. కొత్త పేజీ పైన పేరు రాసి, కింద స్కేలుతో తేదీల కోసం గీతలు గీసింది. లెక్కపెట్టాను. పన్నెండు.